మా ఆయనకు మర్యాద నేర్పిన గద్ద

పెళ్ళయిన ప్రతి మగవాడికీ ప్రభుత్వం ఒక గద్దను ఉచితంగా పంచిపెట్టాలి. నవ్వకండి! ఇస్సిక్‌కుల్ సరస్సు ఒడ్డున మా ఊళ్ళో దాని లాభాలన్నీ నేను కళ్ళారా చూశాను.

మా ఆయన కుబాత్ ట్రాక్టర్ మెకానిక్. నలభై అయిదేళ్ళు వచ్చాక, ఉన్నట్టుండి పెంపుడు పక్షులతో వేటాడే తాతల నాటి విద్య నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. మా వీధిలోని మామ్‌బెట్ తాత ఈ విద్యలో తలపండినవాడు. "కొత్తవాడివి, చిన్న డేగతో మొదలుపెట్టరా" అని నెత్తీనోరూ కొట్టుకున్నాడు. వింటేగా! గద్దే కావాలన్నాడు. అదీ ఆడదే. గద్దల్లో ఆడదే పెద్దది, బలమైనది, పొగరుమోతుది. మగదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇంత న్యాయమైన విద్య లోకంలో ఇంకోటి ఉందా?

గద్దను ఎంచుకునేటప్పుడు కళ్ళు చూశాడు, గోళ్ళు చూశాడు, ఛాతీ తడిమాడు, రెక్కలు విప్పి ఒక్కో ఈకా లెక్కపెట్టాడు. నన్ను చేసుకునేటప్పుడు ఇందులో పదోవంతు కూడా చూడలేదు.

పందొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన గొంతు తగ్గించి మాట్లాడగా నేనెరగను. గద్ద దగ్గర అరిస్తే అది బెదిరిపోతుందట! ఇప్పుడు ఇంట్లో అంతా గుసగుసలే. "నా బంగారుతల్లికి కోపం వచ్చిందా?" అని వినబడితే వంటింట్లోంచి ఆశగా తొంగిచూసేదాన్ని. వారం రోజుల్లో అసలు సంగతి అర్థమై మానేశాను.

ఇక శ్రద్ధ అంటారా! నా పుట్టినరోజు గుర్తుండని మనిషి, పూటపూటా దాన్ని కాటాలో తూస్తాడు. ఇరవై గ్రాములు తగ్గితే ఆయన ముఖం వాడిపోతుంది. మొన్న చలికాలం నేను జ్వరమొచ్చి ఆరు కిలోలు తగ్గాను. "కోటు వదులైనట్టుందే" అన్నాడు. ఎంత పరిశీలన!

దానికి గాలి తగలాలని రోజూ చేతిమీద ఎక్కించుకుని ఊరంతా తిప్పుతాడు. నరీన్‌లో ఉన్న మా అక్క దగ్గరికి వెళ్ళొస్తానని నేను నాలుగేళ్ళుగా అడుగుతున్నాను. "నువ్వెళ్తే ఇల్లెవరు చూస్తారే?" అనేవాడు. ఈమధ్య "నువ్వెళ్తే దీనికి మాంసం ఎవరు కోస్తారే?" అంటున్నాడు. చూశారా, నా విలువ ఎంత పెరిగిందో!

మొన్న ఆదివారం పొద్దున ఊరి బయట గద్దల పోటీ. యజమాని కేకేస్తే అది కొండమీద నుంచి ఎగిరొచ్చి చేతిమీద వాలాలి. మా ఆయన తోలు తొడుగు వేసుకుని, మాంసం ముక్క చూపిస్తూ గొంతు పోయేలా కేకేశాడు. అది ఒకసారి ఇటు చూసి, రెక్కలు దులుపుకుని, ఒక బండరాయి మీద హాయిగా కూర్చుంది. ఊరంతా పగలబడి నవ్వారు.

"పొద్దున ఏం పెట్టావురా దీనికి?" అన్నాడు మామ్‌బెట్ తాత.

"పోటీ కదా తాతా, బలంగా ఉంటుందని గొర్రె కార్జం పెట్టాను. కాస్త ఎక్కువే."

"ఓరి వెర్రివెధవా! అది నీమీద ప్రేమతో వస్తోందనుకున్నావా? ఆకలేసి వస్తుందిరా! కడుపు నిండాక నువ్వెవరు, అదెవరు?"

"ఏడాది పెంచాను తాతా..." అన్నాడు కుబాత్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం చెప్పొద్దూ, నాకూ జాలేసింది.

నేను ఇంటికొచ్చేశాను. మధ్యాహ్నం ఆయన కొండ కింద నుంచి ఫోన్ చేశాడు. "ఇది దిగేదాకా నేను రాను. నువ్వు తినెయ్."

నన్ను ముందు తినమనడం పందొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి! మొగుడి మాట జవదాటేదాన్నా? మాంసం, నూడుల్స్ వండుకుని, రెండుసార్లు వడ్డించుకుని, కడుపారా తిన్నాను. తర్వాత బట్టలు సర్దుకుని నరీన్ వెళ్ళే వ్యాన్ ఎక్కాను.

ఈ కాలమ్ మా అక్క వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. గద్ద మర్నాడే దిగొచ్చిందట. "అదొచ్చేసింది, మరి నువ్వెప్పుడొస్తావే?" అని ఆయన రోజూ ఫోన్ చేస్తున్నాడు.

ఏం చేయను చెప్పండి? మా అక్క మూడు పూటలా కొసరి కొసరి వడ్డిస్తోంది.