సి షిఫ్టు నిద్ర

ఆ ఉదయం స్టెఫీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి మొదలుపెట్టి ఒక పాత సినిమా పాట ఇంట్లోనే పాడి రికార్డు చేయాలి. పదకొండులోపు కాలేజీ సాంస్కృతిక కమిటీకి పంపాలి. పదకొండు దాటితే యువజనోత్సవంలో పాడే అవకాశం వేరే సెక్షన్ అమ్మాయికి పోతుంది. పరీక్షల సెలవులు కాబట్టి ఇంట్లో ఉండడానికి వంక వెతకనక్కర్లేదు. తల్లి పుష్పకుమారి పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళింది. తండ్రి జోజి స్టీల్ ప్లాంటులో పొద్దుటి 'ఏ' షిఫ్టంటూ ఐదింటికే క్యారేజీ పట్టుకుని బయల్దేరాడు. మధ్యాహ్నం రెండున్నర దాకా రాడు. అదే ముఖ్యం. "పరీక్షలయ్యేదాకా ఇంట్లో పాట వినిపించిందా, గిటారు అటకెక్కుద్ది" అని ఆయన కిందటి వారమే చెప్పేశాడు. ఆయన అటకెక్కించిన కుట్టుమిషను నాలుగేళ్ళుగా అక్కడే ఉంది.

స్టెఫీ పరుపు లేపి కిటికీకి అడ్డం పెట్టింది. తలుపుకి రెండు దుప్పట్లు వేలాడదీసింది. ఫ్యాను ఆపింది. అయినా గాజువాకలోని ఆ ఇరుకు వీధి మొత్తం గదిలోకి వస్తూనే ఉంది. ఎదురింటి సన్యాసమ్మ గ్రైండరు, పక్కింటి కృష్ణంరాజు టీవీ, వీటన్నిటినీ మించి వీధి మలుపులో అప్పుడే మొదలైన, చేపలమ్మే నూకాలు కేక.

ఆ వీధి నోరు మూయించగలిగేది ఒక్కటే ఉంది, షిఫ్టు నిద్ర. రాత్రంతా కొలిమి దగ్గర సి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకున్నాడంటే అక్కడ పెళ్ళి బ్యాండు కూడా మలుపు దాటేదాకా వాయించదు. ప్రతి ఇంట్లోనూ అలా నిద్రపోయినవాళ్ళు ఉన్నారు మరి. స్టెఫీ గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించింది.

"నూకాలత్తా, డాడీ సి షిఫ్టు చేసొచ్చి ఇప్పుడే పడుకున్నారు."

నూకాలు గంప మీద చెయ్యి వేసి నాలిక కరుచుకుంది. "అలాగేటి. ముందే సెప్పాలి కదమ్మా. నాను అవతల వీధిలో అరుసుకుంటాను. సన్యాసమ్మక్కా, ఆ గ్రైండరు ఆపు. జోజిబాబు పడుకున్నాడంట."

రెండు నిమిషాల్లో వీధి చర్చిలా అయిపోయింది. స్టెఫీకి కాస్త సిగ్గేసింది గానీ గడియారం చూసుకుని తలుపు గడియ పెట్టింది. మధ్యలో ఫోను మోగకుండా ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టింది. చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుంది.

సంగీతమంతా ఆమె చెవుల్లోనే ఉందన్న సంగతి ఆమెకి తట్టలేదు. బయటికి వినిపించేది వట్టి గొంతు. పైగా అది విషాద గీతం. "ఒక్కసారి కళ్ళు తెరువు, ఒక్క మాట చెప్పిపో" అనే చరణం దగ్గర పైస్థాయికి వెళ్ళేసరికి గొంతు జీరబోయేది. ఆపేది. కాసేపాగి మళ్ళీ, "ఒక్కసారి కళ్ళు తెరువు." మళ్ళీ జీర. అలా పదమూడు సార్లు.

పద్నాలుగోసారి బాగా వచ్చింది. హెడ్‌ఫోన్స్ తీసేసరికి పదీ ఇరవై అయింది. బయట ఎవరో ఏడుస్తున్నారు. పరుపు పక్క సందులోంచి చూసింది. వీధి నిండా జనం. ప్లాస్టిక్ కుర్చీలు కూడా వచ్చేశాయి. నూకాలు గంప దించి, నేల మీద కూర్చుని, రాగం తీస్తోంది. "సేప ముళ్ళు తీసిచ్చేదాకా తినేవోడివి కాదు బాబో, ఇంత తొందరేటొచ్చింది బాబో..."

"తలుపు కొడితే తియ్యడంలేదు. పిల్లకి మతి పోయినట్టుంది" అంది సన్యాసమ్మ కళ్ళు ఒత్తుకుంటూ. "కళ్ళు తెరువంటూ గంట నుంచి ఒకటే పిలుపు. విన్లేకపోతన్నాను."

"జోజి ఫోను కూడా మోగుతోంది గానీ ఎత్తట్లేదు. పుష్పకుమారి గారికి చెప్పాను, వస్తన్నారు" అన్నాడు కృష్ణంరాజు. ప్లాంటులోనే పనిచేసి రిటైరైనవాడు ఆయన. చేతిలో గునపం ఉంది.

స్టెఫీ తలుపు దగ్గరికి వచ్చింది. తలుపు తీస్తే అబద్ధం బయటపడుతుంది. అబద్ధంతో పాట, పాటతో గిటారు. తియ్యకపోతే తలుపే పోతుంది. ఏదైతే అదైందని గడియ మీద చెయ్యి వేసింది. అప్పుడే కృష్ణంరాజు అన్న మాట వినిపించింది.

"డిపార్ట్‌మెంటుకి కూడా ఫోన్ చేశాను. ఇవాళ జోజి డ్యూటీకి రాలేదన్నారు. లీవంట. పాపం, ముందే ఒంట్లో బాగోలేదేమో."

ఆమె చెయ్యి గడియ మీదే ఉండిపోయింది. ఐదింటికి క్యారేజీ పట్టుకుని వెళ్ళిన మనిషి ప్లాంటుకి వెళ్ళలేదు. ఫోన్ ఎత్తడంలేదు. అంతవరకూ బయటివాళ్ళ భయం వేరు, తన భయం వేరు. ఇప్పుడు రెండూ ఒకటైపోయాయి. కమిటీ, పదకొండు గంటలు, అన్నీ మరిచిపోయి "డాడీ" అంది పైకే.

పెరట్లో ఏదో దబ్బుమని పడింది. వెనక తలుపు తోసుకుని జోజి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడి, దాని నిండా ఇసుక. గోడ దూకడంలో మోచెయ్యి గీరుకుపోయింది. చేతిలో క్యారేజీ, చంకలో గాలం.

"ఇరవై మిస్డ్ కాల్సు. నీదేమో స్విచ్చాఫ్. వీధి నిండా జనం" అన్నాడు రొప్పుతూ. "ఎవరే పోయింది?"

"నువ్వే డాడీ."

జోజి గోడకి ఆనుకున్నాడు. స్టెఫీ నాలుగు ముక్కల్లో చెప్పేసింది. ఆయన పరుపు వైపు, మైకు వైపు, దుప్పట్ల వైపు చూశాడు. ఆమె గాలం వైపు చూసింది. కిందటేడు అప్పికొండ బీచిలో రాళ్ళ మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాక, మళ్ళీ గాలం పట్టనని ఆయన చేత బైబిలు మీద ఒట్టు వేయించింది పుష్పకుమారి.

"మీ అమ్మకి చెప్పారా?"

"వస్తోందంట."

పరుపు మంచం ఎక్కింది. మైకు, గాలం మంచం కిందకి వెళ్ళాయి. జోజి తడి ప్యాంటుతోనే పడుకుని మెడ దాకా దుప్పటి లాక్కున్నాడు.

"మరి గిటారు?" అంది స్టెఫీ గడియ దగ్గర ఆగి.

"ఏ గిటారు?" అన్నాడు జోజి కళ్ళు మూసుకుని.

తలుపు తీయగానే ముందు పుష్పకుమారి, ఆమె వెనకే వీధంతా లోపలికి వచ్చారు. జోజి మెల్లిగా ఒక కన్ను తెరిచాడు. "ఏటిది, మనిషిని పడుకోనివ్వరా?"

సన్యాసమ్మ కుర్చీలో కూలబడింది. పుష్పకుమారి ఆయన నుదురు తాకింది. "'ఏ' షిఫ్టన్నారు కదండీ?"

"గేటు దాకా వెళ్ళాను. తల తిరిగినట్టయింది. లీవు చెప్పి వచ్చీసాను."

"నువ్వు కంగారుపడతావని వీధిలో సి షిఫ్టని చెప్పాను మమ్మీ" అంది స్టెఫీ. "ఎంత లేపినా లేవకపోతే భయమేసింది." ఆమె కళ్ళలో నీళ్ళు మాత్రం నిజమైనవే.

నూకాలు ఒక్కతే మంచం చుట్టూ ముక్కు ఎగబీల్చింది. క్యారేజీ వైపు చూసింది. జోజి వైపు చూసింది. "కానాగంత చేపలు" అని గొణిగి, జోజి మొహం చూసి ఆగిపోయింది. "నా గంప వాసనేలే" అంటూ బయటికి నడిచింది.

స్టెఫీ వంటింట్లోకి వెళ్ళి పద్నాలుగోసారి పాడిన పాటని కమిటీకి పంపింది. పదకొండుకి ఇంకా రెండు నిమిషాలున్నాయి. పాట చివర్లో నూకాలు శోకం సన్నగా వినిపిస్తోంది గానీ, కోరస్ అనుకుంటారులే అనుకుంది.

ఈలోగా కృష్ణంరాజు తీసుకొచ్చిన డాక్టరు నాడి చూసి, బాగా వేగంగా కొట్టుకుంటోందని, రోగి సాయంత్రం దాకా మంచం దిగకూడదని చెప్పి వెళ్ళాడు. సన్యాసమ్మ కాపలాకి కుర్చీ దగ్గరికి లాక్కుంది. జోజి తడి ప్యాంటుతో, ఇసుకతో, ఆరు గంటల దాకా కదలకుండా నిద్రపోయాడు.

సి షిఫ్టు ఇంతకన్నా తేలికని ఆయనకి ఆ రోజే తెలిసింది.