పరామర్శతో ఎనిమిది కిలోలు

ఆపరేషన్ అయిన మనిషి బరువు తగ్గాలంటే జిమ్ వద్దు, డైటీషియన్ వద్దు, పొద్దున్నే ముక్కు మూసుకుని తాగే ఆ ఆకుపచ్చ రసం అసలే వద్దు. నిండుగా చుట్టాలుంటే చాలు!

నవ్వకండి. నా దగ్గర ఆధారాలున్నాయి. జనగామలో మా గోడకు ఆనుకుని ఉన్న ఇల్లు ముత్యంది. ఆయన భార్య నిర్మల మీద నేను మూడు నెలల పాటు విడవకుండా పరిశోధన చేశాను. పరిశోధన అంటే దూరం నుంచి చూసి రాసుకోవడం కాదు. రోజూ సాయంత్రం వెళ్లి, వాళ్ల హాల్లో కూర్చుని, ఇచ్చిన చాయ్ తాగి మరీ చేశాను.

నిర్మలకు యాభై రెండేళ్లు. షుగర్ తొమ్మిదేళ్ల నుంచి ఉంది, థైరాయిడ్ ఆరేళ్ల నుంచి ఉంది, బీపీ ఎప్పటి నుంచి ఉందో ఆమెకే తెలియదు. ఎప్పుడో జరిగిన ఆపరేషన్ కుట్టు దగ్గర హెర్నియా లేస్తే, హనుమకొండలో మళ్లీ కడుపు కోసి, లోపల వలలాంటి జాలీ వేసి కుట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు.

"అమ్మా, రెండే మాటలు. మూడు నెలల్ల ఎనిమిది కిలోలు తగ్గాలె. అప్పటిదాక నీళ్ల బిందె గూడ ఎత్తొద్దు. వీట్ల ఏది తప్పినా జాలీ వదులైతది, మళ్ల కోయాలె. షుగర్ ఉన్న ఒంటికి రెండోసారి కోసుడు మంచిది కాదు."

నిర్మల ఆ రెండు మాటలనూ గట్టిగా పట్టుకుంది. ఆపరేషన్ బల్ల మీద పడుకుని, పైనున్న దీపాల వంక చూస్తూ, మళ్లీ లేస్తానో లేదో అనుకున్న ఆ పది నిమిషాలు ఆమెకు ఇంకా కళ్లముందే ఉన్నాయి. రెండోసారి తన వల్ల కాదని ఆమెకు తెలుసు.

అప్పటికి ఆమె బరువు ఎనభై నాలుగు కిలోలు. ఈ లెక్క మా వాడకట్టు మొత్తానికి తెలుసు. ఎందుకంటే ముత్యం ఆపరేషన్ థియేటర్ బయట నిలబడి, భార్య మంచిగా బయటపడితే సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కుకున్నాడు. మేడారంలో బంగారమంటే బెల్లమే. మనిషిని తూచి, అంత బెల్లం అమ్మవార్ల గద్దెల దగ్గర ఇవ్వాలి. మొక్కు ఫోన్లో పది మందికి చెప్పాడు, దాంతో పాటే తూకమూ చెప్పాడు.

కూతురు సౌమ్య గంగారం గురుకులంలో టీచర్. వారం రోజులే సెలవు దొరికింది. తిరిగి వెళ్లేముందు ఫ్రిజ్ తలుపుకు డైట్ చార్ట్ అంటించి, తల్లి చేతికి అడుగులు లెక్కపెట్టే వాచ్ కట్టింది. ఇక్కడ నిర్మల నడిస్తే అక్కడ సౌమ్య ఫోన్లో అంకె కనిపిస్తుంది.

"దినాం రెండు వేల అడుగులు, మెల్లగ. గంతే అమ్మా. ఎక్కువ తిరగకు" అని చెప్పి బస్సెక్కింది.

ఇక అసలైన వైద్యం మొదలైంది.

మొదట వచ్చింది వసంత, ముత్యానికి అక్క. మహబూబాబాద్ నుంచి, అంటే మా భాషలో మానుకోట నుంచి, పొద్దున బండికే దిగింది. సంచి కింద పెట్టకముందే ఫ్రిజ్ దగ్గర ఆగి చార్ట్ చదివింది.

"పప్పా? కుట్లు చీము పడ్తయ్. వంకాయ, బీరకాయ, గోంగూర... అన్నీ వాతమే. ఎవలు రాసిన్రు గిది?"

"డాక్టర్ రాసిచ్చిండు వదినా" అంది నిర్మల.

"డాక్టర్ కోసుడు వరకే. పథ్యం మనం చూసుకోవాలె. పాత బియ్యం అన్నం, ఎల్లిపాయ కారం, నెయ్యి. పూట పూటకు మేక కాళ్ల సూప్. నేను ముగ్గురిని గట్లనే లేపిన."

నిర్మల మర్యాద తెలిసిన మనిషి. ఆడబిడ్డ వద్దన్నవి మానేసింది. అన్నం, నెయ్యి, సూప్ డాక్టర్ వద్దన్నాడు కాబట్టి అవీ మానేసింది. నేను రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండింటి ప్రకారమూ తీసుకోదగినది ఒక్క వేడినీళ్లే. పదిహేను రోజుల్లో కిలోన్నర తగ్గింది. వేలకు వేలు పోసి చదివిన డైటీషియన్లు ఇంత నిక్కచ్చి పట్టిక ఎప్పుడైనా ఇచ్చారా?

తర్వాత భూపాలపల్లి నుంచి వెంకటేశ్ వచ్చాడు. నిర్మలకు చిన్నమ్మ కొడుకు, బొగ్గుగనిలో ఉద్యోగం, ఖాళీ దొరికితే ఫోన్లో ఆరోగ్యం వీడియోలు చూస్తాడు.

"అక్కా, అన్నం విషం. చపాతీ గూడ విషమే. పాలైతే అస్సలు ముట్టద్దు" అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకు మూడు గ్లాసుల చాయ్ పట్టింది. మధ్యాహ్నం అన్నం రెండుసార్లు వడ్డించుకుని, డ్యూటీ చేసేవాళ్లకు విషం పనిచేయదని వివరించాడు.

ఊరికే చేతులూపుకుంటూ రాకూడదు గనుక అందరూ ఏదో ఒకటి తెచ్చారు. బ్రెడ్డు, అరటిపండ్లు, ఆపిల్స్, పెద్ద సీసాడు హార్లిక్స్. షుగర్ ఉన్న మనిషికి ఇవన్నీ ఎందుకని మీరడగవచ్చు. అక్కడే ఉంది చుట్టాల తెలివి! రోగి తినలేనివి తెస్తేనే గదా తర్వాత వచ్చేవాళ్లకు మిగులుతాయి. గార్ల చుట్టాలు తెచ్చిన బ్రెడ్డును తరిగొప్పుల చుట్టాలు తిన్నారు. తరిగొప్పుల ఆపిల్స్‌ను నేను తిన్నాను. అన్నిటినీ కోసి పళ్లెంలో పెట్టి తెచ్చింది నిర్మల.

ఇప్పుడు వాచ్ సంగతికి వస్తాను. నేను ప్రతి సాయంత్రం ఆమె మణికట్టు వంక చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఎవరూ రాని అమావాస్య నాడు పదకొండు వందల అడుగులు. చుట్టాలు వచ్చిన ఆదివారం తొమ్మిది వేల నాలుగు వందలు. ఇంతకన్నా రుజువేం కావాలి?

మంచం నుంచి వంటింటికి పద్నాలుగు అడుగులు. మంచినీళ్లకు ఒకసారి, చాయ్‌కి ఒకసారి, ఖాళీ గ్లాసులకు ఒకసారి, ఎవరికో చక్కెర తక్కువైందంటే ఇంకోసారి. లేచేవాళ్లను గేటు దాకా సాగనంపాలి. గేటు దగ్గర నిలబడి ఆపరేషన్ ఎట్లా జరిగిందో మొదటి నుంచి చెప్పాలి, ఎందుకంటే హాల్లో చెప్పినప్పుడు వాళ్లు టీవీ చూస్తున్నారు.

మరి ముత్యం ఏం చేస్తున్నాడని అనకండి. భార్య అంటే ప్రాణం ఆయనకు. గేటు చప్పుడైతే చాలు, ఆయన నోట మొదట వచ్చే మాట "నిర్మలా, నువ్వు లేవకు." రెండో మాట "జర అందరికి చాయ్ పెట్టు." ఈ రెంటికీ మధ్య ఆయనకు ఏ పేచీ కనిపించలేదు. నిజం చెప్పాలంటే నాకూ కనిపించలేదు. చాయ్ బాగుంది.

రెండో నెలలో గార్ల నుంచి ముత్యం మేనమామ తరఫు వాళ్లు బొలెరోలో దిగారు. పద్నాలుగు మంది. భోజనం వేళకే దిగారు. వసంత వాళ్లతో ముచ్చట్లలో పడింది, ముత్యం కుర్చీలు వేస్తున్నాడు, నేను ఒక కుర్చీలో ఉన్నాను. వంటింట్లో అన్నం ఉడికింది. పెద్ద గంజు గిన్నె పొయ్యి మీద నుంచి దించాలి.

నిర్మల ఒకసారి హాలు వైపు చూసింది. "ఏమండీ" అని పిలిచింది కూడా. ఎవరికీ వినపడలేదు. అన్నం అడుగంటుతున్న వాసన వచ్చేసరికి మసిగుడ్డ పట్టుకుని తనే ఎత్తింది. కుట్టు పక్కన లోపలేదో చురుక్కుమని లాగింది. గంజు గట్టు మీద పెట్టి, అక్కడే గోడ పట్టుకుని నిలబడిపోయింది. హాల్లోంచి వసంత మాట వినపడుతోంది.

"మా నిర్మలను పుల్ల గూడ ముట్టనిస్తలేం. రాణి లెక్క చూసుకుంటున్నం."

నిర్మలకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. ఆ బల్ల, ఆ దీపాలు గుర్తొచ్చి భయమేసింది. ఇంత మందిలో ఉండి కూడా తాను ఒక్కతే ఉన్నట్టు అనిపించింది. కొంగుతో కళ్లు తుడుచుకుని వడ్డించడానికి వచ్చింది. ఇదంతా ఆమె తర్వాత మా ఇంటావిడకు చెప్పుకుంది. నా నోట్‌బుక్‌లో మాత్రం ఆ రోజు ఎనిమిది వేల ఏడు వందల అడుగులు, ఫలితం సంతృప్తికరం అని ఉంది.

మూడు నెలలు నిండాయి. హనుమకొండకు నన్ను కూడా తీసుకెళ్లారు, కారులో చోటుంది కాబట్టి. డాక్టర్ కాంటా ఎక్కమన్నాడు. డెబ్బయి ఆరు. సరిగ్గా ఎనిమిది కిలోలు! నా సిద్ధాంతం నెగ్గినందుకు నేను ముత్యం చెయ్యి పట్టుకుని ఊపాను.

డాక్టర్ మాత్రం ఆమెను పడుకోబెట్టి, దగ్గమని, కడుపు మీద వేలితో నొక్కి చూశాడు. మళ్లీ దగ్గమన్నాడు.

"బరువు తగ్గిండ్రు, సంతోషం. కుట్టు పక్కన నిమ్మకాయంత ఉబ్బు కనపడుతున్నది. ఏమన్న బరువులు ఎత్తిండ్రా అమ్మా?"

నిర్మల నోరు తెరిచేలోపే ముత్యం అందుకున్నాడు. "అయ్యో, ఎక్కడ సార్. ఇంట్ల గ్లాసు గూడ ముట్టనిస్తలేం. మేమంతా ఉన్నం గద."

భర్త ముఖం వంక చూసింది నిర్మల. ఆయన అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అట్లా నమ్ముతున్నాడు. ఆమెకు కోపం కన్నా అదే ఎక్కువ బాధ కలిగించింది.

డాక్టర్ స్కానింగ్ చూసి చెప్పాడు. "జాలీ ఇంక పట్టుకునే ఉన్నది. ఇగో, ఇంకో రెండు నెలలు ఏం ఎత్తకుంటే కోసుడు తప్పొచ్చు. ఈసారి తప్పు జరిగితే నేను చెప్పేదేం లేదు."

దారి పొడుగునా ముత్యం అంటూనే ఉన్నాడు. "ఎట్ల ఉబ్బిందో గది. ఇంత మంచిగ చూసుకుంటిమి." నిర్మల కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నాలుగు రోజులకు మేడారం ప్రయాణం. ముందు రోజు సాయంత్రమే కిరాణా దుకాణం నుంచి కాంటా, బెల్లం దిమ్మలు తెచ్చి వాకిట్లో పెట్టారు. మానుకోట వసంత, భూపాలపల్లి వెంకటేశ్, గార్ల వాళ్లలో ఆరుగురు, నేను. అందరం చుట్టూ నిలబడ్డాం. నిర్మల కాంటా ఎక్కింది. డెబ్బయి ఆరు.

"నా పథ్యం" అంది వసంత. "నా సలహా" అన్నాడు వెంకటేశ్. నేను నోట్‌బుక్ తీశాను.

అప్పుడు చిక్కు వచ్చిపడింది. మొక్కిన నాడు ఎనభై నాలుగు, తూచిన నాడు డెబ్బయి ఆరు. ఏ లెక్కన ఇవ్వాలి? ఇప్పుడున్న తూకమే తూకమని ముత్యం అన్నాడు. అమ్మవార్ల దగ్గర తగ్గించి ఇస్తే కీడని వసంత అంది. అరగంట వాదించుకున్నాక వసంత అలిసిపోయింది.

"ముందుగాల గొంతు తడుపుకుందాం. నిర్మలా, జర చాయ్ పెట్టరాదు."

"నిర్మలా, నువ్వు లేవకు" అన్నాడు ముత్యం అలవాటు కొద్దీ. "జర అందరికి..."

"లేవ" అంది నిర్మల.

వాకిట్లో ఉన్న కుర్చీలో నిదానంగా కూర్చుంది. చేతికున్న వాచ్ విప్పి, భర్తను దగ్గరకు రమ్మని, ఆయన మణికట్టుకు కట్టింది. పట్టీ పొట్టిదైతే ఇంకో రంధ్రం చూసి బిగించింది.

"డాక్టర్ తాన మేమంతా ఉన్నం అంటివి గద. ఉన్నవు గద. పో, చాయ్ పెట్టుకరా."

ఆమె బెల్లం దిమ్మల వంక చూపించింది.

"మొక్కింది ఎనభై నాలుగు, ఎనభై నాలుగే ఇయ్యాలె. డెబ్బయి ఆరు నాది, బండిల పెట్టుండ్రి. తక్కువైన ఎనిమిది కిలోలు మీరు వచ్చిపోంగ కరిగినయ్. గవి బండిల పెట్టద్దు. తలా ఇంత పంచుకోని, బండి దిగినకాడి నుంచి గద్దెల దాక మీరే మొయ్యుండ్రి. కొమురెల్లన్నా, నువ్వు దినాం వచ్చినవ్. నీకు రెండు కిలోలు."

కొమురెల్లి అంటే నేనే. నోట్‌బుక్ మూసేశాను.

పాఠకులారా, చుట్టాలు వస్తే బరువు తగ్గుతారన్న నా సిద్ధాంతంలో ఇప్పటికీ మార్పు లేదు. చిన్న సవరణ ఒకటే. మీరు ఎవరినైనా పరామర్శించడానికి వెళ్తే బ్రెడ్డు, ఆపిల్స్ వద్దు. నేరుగా వంటింట్లోకి వెళ్లి పొయ్యి మీద ఏముందో చూడండి. నేను మూడు నెలలు ఆ ఇంటికి పోయి ఒక్క గ్లాసు కూడా కడగలేదు. ఈ సంగతి రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

ఆ సాయంత్రం చీకటి పడకముందే గంగారం నుంచి సౌమ్య ఫోన్ చేసింది. నిర్మల స్పీకర్ పెట్టింది. పిల్ల గొంతులో కంగారు.

"అమ్మా, ఏందే గిది? ఒక్క గంటల్నే మూడు వేల అడుగులు చూపెడుతున్నది. ఎన్నిసార్లు ఫోన్ల చెప్పిన. డాక్టర్ ఏం ఎత్తద్దన్నంక గూడ ఎందుకు తిరుగుతున్నవ్?"

నిర్మల కాళ్లు ఎదురుగా ఉన్న స్టూలు మీద చాపుకుని ఉంది. వంటింట్లోంచి డబ్బాల మూతలు తీసి పెడుతున్న చప్పుడు ఇంకా వస్తూనే ఉంది.

"నాయి కావు బిడ్డా, మీ బాపుయి. చాయ్ ఇంక కాలే. చాయపత్తి డబ్బ దేవులాడుతున్నడు."