కడగడానికి తగిన పాదాలు

రంగుల మిల్లు యజమానిగారు తన కార్మికుల కాళ్ళు స్వహస్తాలతో కడగాలని నిశ్చయించుకున్నారు. ప్రభువు శిష్యుల పాదాలు కడిగాడు కనుక వ్యాపారంలోనూ నాయకుడన్నవాడు సేవకుడిలా ఉండాలని ఒక పెద్ద హోటల్లో జరిగిన విశ్వాసుల సదస్సులో విని, ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. భోజనాలయ్యాక కూడా ఆ నిశ్చయం చెక్కుచెదరకపోవడం విశేషం.

పన్నెండు మందిని ఎంపిక చేయవలసిందిగా మేనేజరుకు ఉత్తర్వు అందింది. మేనేజరు సంతోషంగా రంగుల షెడ్డుకు వెళ్ళి, కార్మికుల కాళ్ళవైపు మొదటిసారి చూశాడు. చూసి నీరుగారిపోయాడు. తొట్టెల నుంచి పొర్లిన రంగునీళ్ళలో రోజంతా ఉత్తకాళ్ళతో నిలబడే మనుషులు. చీలమండల దాకా నీలం, వేళ్ళ సందుల్లో పుళ్ళు.

బూట్లు ఇప్పించమని వాళ్ళు ఏనాడో అర్జీ పెట్టుకున్నారు. యజమానిగారు దాన్ని తోసిపుచ్చలేదు. అలాంటి మనిషి కారాయన. దాన్ని ప్రార్థనలో పెట్టారు. అప్పటినుంచి అది ప్రార్థనలోనే ఉంది.

ఫొటోగ్రాఫరు కూడా వచ్చి చూసి పెదవి విరిచాడు. "ఈ కాళ్ళు కడిగితే పళ్ళెంలో నీళ్ళు సిరాలా కనిపిస్తాయి సార్. తెల్ల తువ్వాలు సంగతి ఇక చెప్పక్కర్లేదు."

మేనేజరు బుర్ర గోక్కుని ఉపాయం కనిపెట్టాడు. ఎంపికైన పన్నెండు మందికీ రెండు నెలల ముందే రబ్బరు బూట్లు ఇస్తే కాళ్ళు వాటంతటవే తేరుకుంటాయి. ఈ ఖర్చుకు ప్రార్థన అవసరం పడలేదు. ఆత్మీయ కార్యక్రమాల పద్దు కింద ఆ పూటే మంజూరైంది.

పన్నెండు మందిలో మేనేజరు వదిన ఒకరు. అతని భార్యకు సొంత అక్క. షెడ్డులో పని ఇప్పించింది కూడా అతనే. కాళ్ళ మంటతో ఆమెకు కంటిమీద కునుకుండేది కాదు. బూట్లు వేసుకున్నాక పుళ్ళు మానాయి, రంగు వదిలింది.

"మరిదిగారూ, పొద్దున లేచి నేలమీద కాలు పెడితే నా కాలు నాదిలాగే ఉందండీ! ఈ బూట్లు మాకే ఉంచేస్తారు కదూ?"

"చూద్దాం వదినా," అన్నాడు మేనేజరు. అంటే ఏమిటో మీకు తెలుసు.

శుభదినం రానే వచ్చింది. సభ కిటకిటలాడింది. యజమానిగారు కాలరుకు మైకు తగిలించుకుని, మెత్త మీద మోకరించి ప్రసంగించారు.

"సోదరీ సోదరులారా! నేను యజమానిని కాను, మీ దాసుణ్ణి. లాభం నాకు రెండోది. ఈ పాదాలే మొదటివి!"

చప్పట్లు మారుమోగాయి. వరసలో వదిన వంతు వచ్చింది. ఆమె పాదాలు ఎంత తెల్లగా ఉన్నాయంటే, యజమానిగారు నీళ్ళు పోసి నిజంగా ముచ్చటపడ్డారు. ఆ ముచ్చట చూసి ఆమెకు ధైర్యం వచ్చింది. ముందుకు వంగి మెల్లిగా అడిగింది.

"అయ్యగారూ, ఆ బూట్లు మాకే ఉంచండి. మిగతావాళ్ళకి కూడా ఇప్పించండి."

కాలరు మైకు ఆ మాటను వెనక వరసదాకా చేరవేసింది. మేనేజరు మైకు స్విచ్చు కోసం పరుగెత్తాడు. యజమానిగారు మాత్రం తొణకలేదు. కళ్ళు మూసుకుని, "ప్రార్థిద్దాం," అన్నారు. అందరూ తలలు వంచారు. ఆమేన్ అని తలలెత్తేసరికి పళ్ళెంలో పక్కవాడి పాదాలున్నాయి.

మర్నాడు సర్క్యులరు వెలువడింది. సదరు బూట్లు కార్యక్రమ సామగ్రి అయినందున, వచ్చే ఏటి ఉపయోగార్థం స్టోరుకు అప్పగించవలెను. మేనేజరే స్వయంగా వసూలు చేశాడు. వదిన తన జత శుభ్రంగా తుడిచి ఇచ్చింది.

"వచ్చే ఏడు ఇంకెవరికైనా ఇవ్వండి మరిదిగారూ. వాళ్ళ కాళ్ళయినా రెండు నెలలు సుఖపడతాయి."

మేనేజరుకు తల కొట్టేసినట్టయింది. అయినా సంతకం తీసుకోవడం మరచిపోలేదు.

యజమానిగారికి ఆదర్శ సేవక నాయకుడిగా బిరుదు వచ్చింది. వదిన పాదాల ఫొటో ఫోన్లన్నీ చుట్టివచ్చింది. మీరూ చూసే ఉంటారు, కింద ఆమేన్ అని రాసే ఉంటారు. అప్పుడు మీ ఒంటిమీదున్న నీలం చొక్కా ఆ మిల్లు రంగుదే. ఎంత ఉతికినా వెలిసిపోదని కంపెనీ హామీ ఇస్తోంది. ఆ హామీలో అబద్ధం లేదు. బూట్లు అప్పగించాక వారం తిరిగేసరికి వదిన పాదాలు మళ్ళీ నీలంగా మారాయి, ఎంత కడిగినా పోవడం లేదు.