తుప్పు పట్టని ఫ్యాను

ఆ-బింగ్ తన సొంత అక్క వరండాకు గదిలో తిరగాల్సిన ఫ్యాను అంటగట్టాడు. ఇందులో ఇక తేల్చాల్సిందేమీ లేదు. తైవాన్ దక్షిణపు కొసన, చేపల రేవు పక్కన, గోడలకే చెమట పట్టే ఊళ్ళో రంపపు పొట్టు అదిమి చేసిన చెక్క రెక్కలు ఎన్నాళ్ళుంటాయి? మొదటి వానాకాలానికే అవి తడిసిన కుక్క చెవుల్లా వేలాడాయి. ఆ అక్క, హుంగ్ జిన్-షుయి భార్య, తన ఆఖరి వేసవంతా ఆ ఫ్యాను కింద వెదురు కుర్చీలో కూచుని విసనకర్రతో విసురుకుంది. తమ్ముణ్ణి మాత్రం ఒక్క మాట అననివ్వలేదు. ఆమె పోయాక అడ్డుపడేవాళ్ళు లేరు. కర్మకు వచ్చినవాళ్ళందరి ముందూ జిన్-షుయి అనాల్సిందంతా అనేశాడు. బామ్మర్దిని వెనకేసుకొచ్చిన ఇరుగుపొరుగుతోనూ మాటలు మానేశాడు.

ఒక పొద్దున ఆయన వేసుకున్న పథకం చిన్నది. బస్సెక్కి పట్నం వెళ్ళాలి, ఫ్యాను కొనాలి, సాయంత్రానికి వరండాలో బిగించుకోవాలి. ఆ వెదురు కుర్చీలో, ఎవరి దయా లేకుండా, సొంత గాలి పీలుస్తూ కూచోవాలి. ఆ-బింగ్ ఆ దారినే పోతూ చూడాలి.

ఆయన బతుకంతా పడవల ఇంజన్లు బాగుచేసిన మనిషి. జేబులో ఒక అయస్కాంతం, ఒక మేకు వేసుకుని కొట్లోకి వెళ్ళాడు. అయస్కాంతం అంటుకున్న ఫ్యానునల్లా తుప్పు పట్టే రకమని పక్కన పెట్టించాడు. చెక్క రెక్కలవాటిని ముట్టుకోనే లేదు. మోటారులోకి తేమ దూరే సందు ఉందేమోనని అగ్గిపుల్ల పెట్టి వెతికాడు. చివరికి పడవలకు వాడే, అయస్కాంతం అంటని ఉక్కుతో చేసినది ఒక్కటే మిగిలింది. మేకు తీసి దాని రంగు మీద బలంగా గీశాడు. గీత పడలేదు.

"తాతా, అది అమ్మడానికి పెట్టిన సరుకు," అన్నాడు కొట్టువాడు.

"అందుకే గీశాను. అమ్మకపోతే నాకెందుకు?"

ఎక్కడికి పంపాలని కొట్టువాడు అడిగాడు. రేవు వీధి, నేల తాత గుడి దగ్గర అన్నాడు జిన్-షుయి. నేల తాత ఆ వీధిని కాచే దేవుడు; అక్కడ ఎవరైనా ఇంటి గుర్తు అలాగే చెబుతారు. కొట్టువాడికి మాత్రం విషయం ఇంకోలా బోధపడింది. అంత గట్టి ఫ్యానును ఇంటికని కొన్నవాళ్ళు ఆ కొట్లో ఇంతవరకు లేరు. ముసలివాళ్ళు అలాంటివి కొంటే దేవుడికే ఇస్తారు. ఇచ్చినవాళ్ళ పేరు అంతే గట్టి ఎర్ర రంగుతో కొట్టువాళ్ళే డబ్బు తీసుకోకుండా రాసిపెడతారు. అది అడగాల్సిన సంగతి కూడా కాదు. అతను లేచి నిలబడి, రెండు చేతులతో రసీదు అందించి, పూర్తి పేరు చెప్పమని వినయంగా అడిగాడు. మేకు చూసి దారికొచ్చాడని జిన్-షుయి అనుకున్నాడు.

ఆయన నూడుల్స్ తిని, బస్సు కోసం నిలబడి, ఇల్లు చేరేసరికి కొట్టు బండి వచ్చి వెళ్ళిపోయింది. వీధంతా టపాకాయల పొగ. ఇంటికి ఎదురుగా ఉన్న నేల తాత గుడి రేకుల పందిరి కింద ఆయన ఫ్యాను తిరుగుతోంది. రెక్కలు తిరిగినా కదలని దాని మోటారు బొజ్జ మీద 'భక్తితో సమర్పించినవారు హుంగ్ జిన్-షుయి' అని వీధి చివరికి కూడా కనిపించేటంత పెద్ద అక్షరాలు. కింద కూచుని టీ తాగుతున్న ఇరుగుపొరుగు అందరూ ఆయన్ని చూసి లేచి నిలబడ్డారు. గుడికి కరెంటు పనులన్నీ చేసేది ఆ-బింగే. నిచ్చెన మీంచి దిగుతున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

గుడి చూసుకునే ముసలి ఖో ఎదురొచ్చాడు. "నెలవంక చెక్కలు వేసి తాతనడిగానయ్యా. మూడుసార్లు వేస్తే మూడుసార్లూ సరేనన్నాడు. కిందటేడు ఎవరో మైకు ఇస్తే తాత ఒప్పుకునేసరికి పొద్దుపోయింది."

"అది నాది," అన్నాడు జిన్-షుయి.

"మరి నాదంటానా? పేరు కనపడుతూనే ఉందిగా."

"దింపించు."

అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. చేప ఉండలు అమ్మే షియు-లాన్‌కు ముందుగా తట్టింది. పేరు రోడ్డుకు నేరుగా లేకుండా పక్కకి తిరిగి ఉందని, అన్నయ్య అలగడా మరి అని ఆమె అంది. నిజమే అన్నారు మిగతావాళ్ళు. ఆ-బింగ్ మళ్ళీ నిచ్చెనెక్కి, ఫ్యాను ఆపి, పేరు రోడ్డు వైపుకు తిప్పి బిగించాడు. ఈసారి ఇంకో మేకు కూడా కొట్టాడు.

"దింపమన్నది అందుక్కాదు," అన్నాడు జిన్-షుయి ఖోతో.

అప్పుడు ఆ-బింగ్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "నాకు తెలుసు బావా. అక్క పేరు వెయ్యకుండా నీ పేరు వేశారని కదూ? ఎవరి పేరుంటేనేం, అక్క కోసమని అందరికీ తెలిసిందిలే."

షియు-లాన్ ముక్కు చీదింది. వెనక ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. అది ఇంటికి కొనుక్కున్న ఫ్యానని అప్పుడు చెప్పగలిగే మనిషి ఆ తీరంలో పుట్టలేదు. జిన్-షుయి చెయ్యి విడిపించుకుని, నేరుగా తాతనే అడుగుతానన్నాడు. చెక్కలు అందుకుని, ఫ్యాను తీసుకుపోనా అని మనసులో అడిగి వదిలాడు. ఒకటి వెల్లకిలా ఒకటి బోర్లా పడితే సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. రెండూ వెల్లకిలా పడ్డాయంటే దేవుడు నవ్వుతున్నాడని. రెండూ వెల్లకిలా పడ్డాయి. మళ్ళీ వేశాడు. మళ్ళీ నవ్వాడు. మూడోసారీ అంతే.

"ఎంత సంతోషపడుతున్నాడో చూశావా?" అన్నాడు ఖో.

జిన్-షుయి ఇంటికి వెళ్ళి కుక్కచెవుల ఫ్యాను కింద కూచున్నాడు. ఎదురుగా తన ఫ్యాను గాలికి పక్కింటివాళ్ళ జుట్టు ఎగురుతోంది. వారంపాటు అది చూశాడు.

తర్వాత ఒకరోజు బజారు నుంచి వచ్చేసరికి వరండాలో పాత ఫ్యాను లేదు. దాని చోట కొత్తది, గుళ్ళోని దానికి కవలపిల్లలా మెరుస్తోంది. జేబులోంచి అయస్కాంతం తీసి ఆనించాడు. అంటుకోలేదు. పక్కన ఆ-బింగ్ నిలబడి ఉన్నాడు. అతని స్కూటరు మాత్రం ఎక్కడా లేదు. నడిచి వచ్చాడు. అక్క కోసం బావ అంత చేస్తే తాను ఏం చేశానని రాత్రుళ్ళు నిద్ర పట్టలేదని, స్కూటరు అమ్మేశానని, నేల తాత గుళ్ళో ఉన్నలాంటిదే కావాలని కొట్లో అడిగి తెచ్చానని చెప్పుకుపోయాడు.

జిన్-షుయి ఫ్యాను ఆపాడు. బొజ్జ మీద ఎర్ర అక్షరాలు. 'భక్తితో సమర్పించినవారు చెన్ ఆ-బింగ్.'

"నేను చూసేసరికే రాసేశారు బావా. ఇంటికని చెబితే నవ్వారు. పొద్దుట్నుంచి గీకుతున్నా, పోవడం లేదు."

జిన్-షుయి మేకు తీసి తానే గీశాడు. గీత పడలేదు. ఎంపిక ఆయనదే.

మర్నాడు వెదురు కుర్చీ పక్కన రెండు నారింజలు, వెలిగించిన అగరుబత్తి కనిపించాయి. షియు-లాన్ పని అది; సమర్పించిన ఫ్యాను ఉన్నచోటు ఆమె లెక్కలో గుడే. దారిన పోయే ఒకావిడ వరండా వైపు చేతులు జోడించి, అక్కడ కూచున్నది జిన్-షుయి అని చూసి కూడా దించలేదు. ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది. ఆ రకం ఇరవై ఏళ్ళు చెక్కుచెదరదు. ఆ సంగతి ఆయనకన్నా బాగా ఎవరికీ తెలియదు.

జిన్-షుయి ఒక నారింజ ఒలిచాడు. రెండోది మెట్ల మీద కూచున్న ఆ-బింగ్ వైపు విసిరి, ఏ ఫ్యాను సంగతీ ఇక ఈ జన్మలో తన నోట రాదని చెప్పాడు. కర్మ జరిగిన రోజు తర్వాత బామ్మర్దితో ఆయన ఆడిన మొదటి మాట అదే.