నాగలక్ష్మమ్మ హెల్మెట్ కేసు

ఆ బుధవారం పొద్దున నాగలక్ష్మమ్మ అనుకున్నది చాలా చిన్న పని. ఉగ్గాని, బజ్జీ అమ్మకం తొందరగా ముగించాలి. బుక్కరాయసముద్రం నుంచి అనంతపురం కోర్టుకు పోవాలి. హెల్మెట్ లేకుండా స్కూటరు నడిపింది తాను కాదని మేజిస్ట్రేటు ముందు రుజువు చేయాలి. వచ్చేటప్పుడు మరుసటి రోజు ఉగ్గానికి బొరుగులు కొనుక్కోవాలి.

జరిమానా ఆమెకు లెక్క కాదు, పరువు లెక్క. కొన్నేళ్ల కిందట తన హోటల్ ముందరే ఒక కుర్రవాడు బండి మీద నుంచి పడి తల పగలగొట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఒక చట్టం పెట్టింది. హెల్మెట్ లేకుండా బండి మీద వచ్చినవాడికి ఉగ్గాని లేదు. ఎంత పెద్దమనిషయినా, ఎంత ఆకలితో వచ్చినా, "పొయ్యి హెల్మెట్ పెట్టుకోని రాప్పా" అని వెనక్కి పంపేది. అట్లాంటి మనిషి ఫోనుకే చలానా వచ్చింది. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర కెమెరా తీసిన ఫోటో అది, గోరంత ఉంది. స్కూటరు వెనకభాగం, దానిమీద తలకు గుడ్డ చుట్టుకున్న ఒక ఆకారం. నంబరు మాత్రం ఆమెదే.

ఊరికి అంతకన్నా ఏం కావాలి? "ఏమక్కా, హెల్మెట్ మాకేనా, నీకొద్దా?" అంటూ ఉత్త తలలతో వచ్చి బెంచీల మీద కూర్చోసాగారు.

"కట్టేస్తే పోతాది గదమే. కోర్టుల ఎంబడి తిరిగేది మనకేల?" అన్నాడు ఆమె భర్త రామాంజులు. ఆ మాట అప్పటికి చాలాసార్లు అన్నాడు.

"చెయ్యని తప్పుకు కట్టేదా? ఆ పొద్దు నేను కణేకల్లో పుట్టెంట్రుకల కాడ ఉన్న్యా. స్కూటరు ఇంట్లో ఉండె. కడుపునొప్పని నువ్వు పండుకోనుంటివి. కెమెరానే నంబరు తప్పు చదివింటాది."

రామాంజులు ఖాళీ ప్లేట్లు ఎత్తుకొని లోపలికి పోయాడు.

పోయిన వాయిదాకు కోర్టులో ఆమె చూసింది ఒక వరుస. పేరు పిలుస్తారు, "ఒప్పుకుంటావా?" అంటారు, వాడు "ఒప్పుకుంటా" అని జరిమానా కట్టి పోతాడు. ఆమె వంతు వచ్చినప్పుడు "ఒప్పుకోను మేడం" అంది. రాసుకుంటున్న గుమాస్తా తలెత్తి చూశాడు. అయితే సాక్షులను తీసుకురమ్మని మేజిస్ట్రేటు వాయిదా వేసింది. అందుకే ఈ రోజు నాగలక్ష్మమ్మ ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకొని వచ్చింది. ఒకడు కణేకల్‌కు ఆటో తోలిన ఓబిలేష్, రెండోవాడు ఆ పుట్టెంట్రుకల విందుకు వంట చేసిన ఖాజా. రామాంజులు కూడా వెనకాలే వచ్చాడు. సాక్షులిద్దరికీ దారిపొడుగునా ఒకే మాట చెప్పింది. "ఉన్నదున్నట్ల చెప్పండి. ఏం దాచొద్దు."

ఓబిలేష్ బోనెక్కి చేతులు కట్టుకున్నాడు.

"అక్క ఆ పొద్దు నా ఆటోలోనే ఉండె మేడం. దేవుని మీద ఒట్టు."

"ఆటోలో ఇంకెవరున్నారు?" అంది మేజిస్ట్రేటు.

"వీధి వీధంతా ఉండ్రి మేడం. ముందర నా పక్కన ఇద్దరు, ఎనక ఏడు మంది. పిల్లోల్లు లెక్కలోకి రారు."

మూలన నిల్చున్న ట్రాఫిక్ ఎస్సై మెడ ముందుకు సాచాడు. మేజిస్ట్రేటు కళ్లద్దాలు సర్దుకుంది. "నీ పర్మిట్ ఎక్కడి వరకు?"

"టౌన్ వరకే మేడం. కానీ అక్క అడిగితే కాదంటానా?"

ఎస్సై జేబులోంచి పెన్ను తీశాడు. నాగలక్ష్మమ్మ అది చూసింది. అయినా నిజం నిజమే కదా అనుకుంది.

ఖాజా ఇంకా ఉషారుగా వచ్చాడు. "మేడం, నేను బైకు మీద ఆటో ఎనకాలనే పోతాంటి. అక్క ఆటోలో ఎనక్కి తిరిగి కూచోనుంటే దారంతా చూస్తానే ఉన్న్యా."

"అంతసేపు చూశావని నమ్మేదెట్లా?"

ఖాజా తల గోక్కున్నాడు. అంతలో మొహం వెలిగిపోయింది. "అరే, వీడియో ఉండాది మేడం! మర్చేపోయినా. బయల్దేరినప్పుడు తీసినా."

నాగలక్ష్మమ్మ ప్రాణం లేచొచ్చింది. "చూపించప్పా, ఇంతసేపు ఏం చేస్తాంటివి?" అని కోర్టని కూడా మరచి కేకేసింది.

"బైకు నడుపుతూ తీశావా?" అంది మేజిస్ట్రేటు.

"ఒక చేత్తో మేడం. నాకు బాగా అలవాటు."

ఎస్సై పెన్ను మళ్లీ కదిలింది. ఫోను మేజిస్ట్రేటు బల్ల మీదికి చేరింది. నాగలక్ష్మమ్మను కూడా దగ్గరికి పిలిచారు. వీడియోలో ఆటో ఆమె ఇంటి ముందు నుంచి కదులుతోంది. వెనక కూర్చున్న ఆమె నవ్వుతూ చెయ్యి ఊపుతోంది. పక్కన తేదీ, సమయం స్పష్టంగా ఉన్నాయి. ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? ఆమె తల ఎత్తి కోర్టంతా ఒకసారి చూసింది. రామాంజులు మాత్రం తలుపు వైపు నడుస్తున్నాడు.

మేజిస్ట్రేటు వీడియో ఆపింది. "మీరు చెయ్యి ఊపుతున్నది ఎవరికి? గడప దగ్గర, తలకు పసుపు తువ్వాలు చుట్టుకున్నాయన."

"మా ఇంటాయన మేడం," అంది నాగలక్ష్మమ్మ గర్వంగా.

మేజిస్ట్రేటు తన కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పింది. చలానా ఫోటో అక్కడ జానెడు పెద్దదిగా ఉంది. స్కూటరు నాగలక్ష్మమ్మదే, సందేహం లేదు. దానిమీద ఉన్న ఆకారం తలకు ఉన్నది పసుపు తువ్వాలు. ఆ వంగిన భుజాలు ఇరవై ఏళ్లుగా ఆమె చూస్తున్నవే.

"యోవ్, ఇట్ల రా!"

కోర్టులో ఇంకెవరూ అట్లా అరవడానికి వీల్లేదు. కానీ మేజిస్ట్రేటు కూడా తలుపు వైపే చూసింది. రామాంజులు తలుపు దగ్గర నుంచి వెనక్కి వచ్చాడు.

"యాడికి పోయినావు ఆ పొద్దు?"

"దోసెకు," అన్నాడు నేల చూస్తూ.

"కడుపునొప్పంటివే?"

"నొప్పే. పొద్దున ఉగ్గాని, మిగిలితే మధ్యాన్నం ఉగ్గాని, ఇంకా మిగిలితే రేతిరికీ ఉగ్గానే. నువ్వు ఊరికి పోయిన ఒక్క పొద్దన్నా దోసె తిందామని పోయినా. హెల్మెట్ యాడ పెట్టినావో నాకు దొరకలా."

వరుసలో నిల్చున్నవాళ్లు నవ్వారు. మేజిస్ట్రేటు నోటికి ఫైలు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఫైలు దించి చెప్పింది. "బండి మీ పేరు మీద ఉంది. నడిపినవాళ్ల పేరు చెప్తే కేసు వాళ్లమీదికి పోతుంది. లేదంటే మీరే కట్టాలి. భర్త కాబట్టి ఆలోచించుకోండి."

నాగలక్ష్మమ్మ రామాంజులు వైపు చూసింది. ఆయన ఆశగా చూశాడు. ఇంట్లో పోగొట్టుకోకూడనిది ఒకటి ఉంది, ఊర్లో పోగొట్టుకోకూడనిది ఒకటి ఉంది. ఆమె పెద్దగా ఆలోచించలేదు.

"రాసుకోండి మేడం. పేరు రామాంజులు. నాయన పేరు పెద్ద ఓబన్న. ఇంటి నంబరు కూడా చెప్తా."

కేసు ఆమె మీద నుంచి తొలగిపోయింది. రామాంజులు అక్కడే ఒప్పుకొని జరిమానా కట్టాడు. బయట వేపచెట్టు కింద ఎస్సై ఎదురుచూస్తున్నాడు. ఆటో పర్మిట్ దాటినందుకు, జనాన్ని కుక్కినందుకు ఓబిలేష్‌కు, ఫోను పట్టుకొని బండి నడిపినందుకు ఖాజాకు చలానాలు రాశాడు. ఖాజా బైకుకు ఇన్సూరెన్సు లేదని, ఆటో ఫిట్‌నెస్ కాగితం పాతదని అప్పుడే తెలిసింది. రెండు బండ్లూ స్టేషనుకు పోయినాయి.

"ఉన్నదున్నట్ల చెప్పమంటివి గదక్కా," అన్నాడు ఓబిలేష్ నీరసంగా.

"బాగానే చెప్పినావులేప్పా," అంది ఆమె.

నలుగురూ బుక్కరాయసముద్రం పోయే పల్లెవెలుగు బస్సు ఎక్కారు. బొరుగుల మాట ఎవరికీ గుర్తు రాలేదు. కండక్టరు వచ్చి ముగ్గురు మగవాళ్ల దగ్గర ఛార్జీ తీసుకొని, నాగలక్ష్మమ్మ ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్ చింపి ఇచ్చాడు.

ఆ రోజు ఎక్కడా ఏమీ కట్టకుండా ఇంటికి చేరింది ఆమె ఒక్కతే.