తలుపు మీదుగా పోయిన గీత

ఆ పొద్దు తిరుమల అనుకున్న పని చిన్నదే. మొగుడు ఉపేందర్ మొదటి షిఫ్టుకు పోగానే వాడ గోడల మీద ఒక నీలిగీత గీసి, ఫోటో తీసి, బిడ్డ సంతోషిని బడికి పంపాలి. సముద్రం పెరిగితే తీరంలోని నగరం ఎలా బతకాలో పథకం వేసి తెమ్మంది టీచరు. గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్లలో పెరిగిన తిరుమల సముద్రం చూసింది లేదు, చదువు ఎనిమిదితోనే ఆగింది. బిడ్డయినా నలుగురిలో తడబడకూడదని ఆమె ఆరాటం.

"నీళ్లు ఎందాక వస్తయో ముందుగాల గోడ మీద చూపియ్యాలె అమ్మా. అప్పుడే ఏ ఇల్లు లేపాలె, ఏది ఖాళీ చెయ్యాలె అన్నది తెలుస్తది," అంది సంతోషి.

తిరుమల తండ్రి తాపీమేస్త్రి. ఆయన చేసినట్టే నీళ్లు నింపిన సన్నని పైపు ఒక కొస తాను పట్టుకుంది, రెండో కొస బిడ్డకిచ్చింది. రెండు కొసల్లో నీళ్లు ఎక్కడ సమంగా నిలిస్తే అక్కడ గీత. పొగమంచులో వాడ ఇంకా లేవలేదు. తమ గడప దగ్గర మోకాలెత్తున మొదలైన గీత వంగకుండా సాగింది. వాడ నేలే పల్లంలోకి జారింది. చివరనున్న సమ్మవ్వ ఇంటికి వచ్చేసరికి గీత తలుపు మీదుగా పోయింది. అక్కడ తిరుమల స్టూలెక్కి గీయాల్సి వచ్చింది. ఫోటో మాత్రం బాగా వచ్చింది.

బిడ్డను బస్సెక్కించి వచ్చేసరికి ముసలి సమ్మవ్వ గీత కింద నిలబడి తలెత్తి చూస్తోంది.

"ఎవలు గీసిండ్రే ఇది? గోదారి మీద బ్యారేజీ కట్టినప్పుడు నేను పుట్టిన మా అవ్వగారి ఊర్ల గిట్లనే గీసిండ్రు. మల్ల ఏడాదికి ఊరే లేదు!"

నేనే అవ్వా అనబోయింది తిరుమల. గోడలు పాడుచేశారని కంపెనీ క్వార్టర్ లాక్కుంటే? చేతికంటిన నీలిరంగు కొంగులో దాచుకుంది.

ఇంతలో బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన పోశం వచ్చాడు. "గోదారి గాదవ్వా. మన కింద మూసేసిన పాత బాయి లేదా? నిండ నీళ్లే. అవే పైకొస్తున్నయి." గచ్చు మీద బోర్లా పడుకుని చెవి ఆనించాడు. "సప్పుడైతున్నది."

కాసేపట్లో వాడంతా గచ్చులకు చెవులు పెట్టి పడుకుంది. అందరికీ వినిపించింది. గీత తనదేనని తెలిసీ తిరుమల కూడా వంగింది. కింద ఎక్కడో, ఎవరో నీళ్లలో మెల్లగా నడుస్తున్నట్టుంది.

తిరుమల తల ఎత్తేలోగా వాళ్లింట్లోకి సమ్మవ్వ మంచం వచ్చేసింది. "మీ ఇంట్ల మోకాలు లోతే గద బిడ్డా!" వెనకే కింది ఇళ్లవాళ్లు, గ్యాసుబండలు, కోళ్లు, రెండు మేకలు.

"బియ్యం అటక మీదికి, ముసలోళ్లు మంచాల మీదికి, మేకలు మెట్ల మీదికి," అని పోశం పథకం వేస్తున్నాడు.

"ఎవల్రా ముసలిది? నన్ను మేకలతోనే పంపు!" అంది సమ్మవ్వ.

అప్పుడు వచ్చింది జీపు, ఏ ఆఫీసుదో తెలియదు. సర్వేయర్ దిగి నేరుగా గోడ దగ్గరికే నడిచాడు. "ఈ గీత ఎవరు గీశారు?"

ఇక దాచితే వాడంతా ఖాళీ అయ్యేలా ఉంది. "నేనే సార్," అంది తిరుమల ముందుకొచ్చి. "బిడ్డ బడి పని. సముద్రం పెరిగితే ఊరు ఎట్ల బతకాలె అని... మా ఆయన తప్పేం లేదు. క్వార్టర్ తీస్కోకుండ్రి."

వాడంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. "నీ సముద్రం పాడుగాను! నడుములిరిగిపాయె గదనే!" అని సమ్మవ్వ ఆమె వీపు మీద ఒకటిచ్చింది.

సర్వేయర్ నవ్వలేదు. టేపు పెట్టి కొలిచాడు, సంచిలోంచి మ్యాపు తీసి అందులోని నీలిగీత చూశాడు, మళ్లీ గోడ చూశాడు. "సరిగ్గా ఇంత ఎత్తని నీకెవరు చెప్పారు?"

"ఎవలు చెప్పలె సార్. నా మోకాలు ఎంతుంటే గంత."

ఆయన మ్యాపు మడిచాడు. "క్వార్టర్‌కేం భయం లేదు. సున్నం వేసి కప్పెయ్యమ్మా. ఆ గీతకు ఇంకా ఆర్డర్ రాలేదు."

జీపు పొగమంచులో కలిసిపోయింది. నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది.

గీత కప్పడానికి ఆ పొద్దు వాడలో ఎవరింట్లోనూ చారెడు సున్నం దొరకలేదు.