దుమ్ము మూత

ఆ ఉదయం టైపు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. చేత్తో రాసుకున్న మూడు పేజీల పాఠాన్ని కంప్యూటరులో టైపు చేసి, పన్నెండు లోపు వీధి చివరి గ్రంథాలయంలో ఇచ్చి రావడం. పెద్దవాళ్ళకు కంప్యూటరు భాగాలు పరిచయం చేసే తరగతి ఒకటి అక్కడ మొదలవుతోంది. పాఠం నచ్చితే తరగతి ఆయనదే. టైపు ఇన్‌స్టిట్యూట్ ఎత్తేసి పదకొండేళ్ళయింది. "మాస్టారూ" అన్న పిలుపు మళ్ళీ ఒక గది నిండా వినాలని ఆయనకు మహా ఆశగా ఉంది.

పనికి ముందు యంత్రాన్ని తుడవాలన్నది ఇన్‌స్టిట్యూట్ నాటి నియమం. అందుకని పొద్దున్నే బ్రష్షు పట్టుకుని తన కంప్యూటరుతో పాటు పక్క గదిలో కోడలి కంప్యూటరునూ శుభ్రం చేశారు. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, కథంతా అక్కడే మొదలైంది. రెండు పెట్టెల వెనకా గోరంత నల్లముక్క ఒక్కోటి గుచ్చి ఉంది. కన్నంలోకి దుమ్ము పోకుండా పెట్టిన మూతలు కాబోలనుకుని పీకి, తుడిచి, మళ్ళీ పెట్టేశారు. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి గనక ఏది ఎక్కడిదన్న ప్రశ్నే రాలేదు. ఆ ఇంట్లో రెండు కీబోర్డులకూ తీగ లేదు. ఎందుకు లేదో ఆయన ఎప్పుడూ అడగలేదు. పాఠం చివర మాత్రం ఒక మాట చేర్చారు: "పెట్టె వెనక చిన్న మూత ఉంటుంది. దుమ్ము ఆపడం తప్ప దానికి వేరే పని లేదు."

పదింటికి కోడలు గుమ్మంలోకి వచ్చింది.

"మామయ్యగారూ, నేను నా గదిలో కంప్యూటరు మీదే మీటింగులో ఉంటాను. ఆరు నెలల పని ఇవాళ పై అధికారులకు చూపించాలి. కాస్త చప్పుడు లేకుండా చూడండి."

"నా వేళ్ళకి చప్పుడుండదమ్మా. నువ్వు వెళ్ళు."

మాస్టారు మౌస్‌తో తెల్ల పేజీ తెరిచి, కాగితాలు పక్కన నిలబెట్టి, వాటి మీదే చూపు నిలిపి టైపు మొదలుపెట్టారు. తెర వంకా అక్షరాల వంకా చూసేవాడు టైపిస్టే కాడని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి, తాను మాత్రం ఎలా చూస్తారు?

"తెర ముఖం లాంటిది. చూపించడమే దాని పని. అసలు పని కింది పెట్టెలో జరుగుతుంది. అందులో జ్ఞాపకాలు రెండు. మొదటిది కరెంటు పోగానే అన్నీ మరిచిపోతుంది. రెండోది ఎన్నేళ్ళ కిందటిదైనా తీసి ముందు పెడుతుంది. మా ఇంట్లో మొదటిది నేను, రెండోది మా ఆవిడ."

మూడు పేజీలూ పూర్తవుతుండగా ఆ ఆవిడే మంచినీళ్ళు తెచ్చి తెర చూసింది.

"ఏమండీ, ఒకసారి తలెత్తండి."

"తలెత్తితే వేగం పోతుంది."

"వేగం సరే. మీరు రాసింది ఇక్కడ ఒక్క ముక్క లేదు. ఎవరో 'ఆగు, ఎవరు నువ్వు' అంటున్నారు."

మాస్టారు తలెత్తారు. పేజీ మీద ఆ మాటలే ఉన్నాయి. చూస్తుండగానే ఇంకోటి వచ్చింది: "ఇక్కడ ముఖ్యమైన పని జరుగుతోంది. వెంటనే వెళ్ళిపో."

సొంతింట్లో సొంత కుర్చీలో కూర్చున్న మనిషిని కంప్యూటరు వెళ్ళిపొమ్మనేసరికి ఆయనకు ఒళ్ళు మండింది. "వెళ్ళను. ఈ ఇంటికి పెద్దని నేను. చేతనైంది చేసుకో" అని టకటకా కొట్టారు. తెర మీద ఏమీ పడలేదు. అదే మాట ఇంకోసారి గట్టిగా కొట్టారు.

గోడ అవతల అది రెండుసార్లూ చక్కగా పడింది. కోడలు పన్నెండు మందికి చూపిస్తున్న నివేదిక నడుమ మూడు పేజీల పాఠం, అత్తగారి జ్ఞాపకశక్తి, చివర ఈ సవాలు వరసగా కనబడుతున్నాయి. చెరిపేద్దామంటే తన కీబోర్డుకు ఉలుకూ పలుకూ లేదు. ఎవరో దొంగ కంప్యూటరులో దూరాడనుకుని "ఆగు, ఎవరు నువ్వు" అని కొట్టింది ఆమే; ఆ మాటలు తన తెర మీద మాత్రం పడలేదు. "ఈ ఇంటికి పెద్దని" అన్న దగ్గర దొంగ ఎవరో తెలిసిపోయింది.

మీటింగులో ఒక ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఆ పెద్దాయన దుమ్ము మూత అని రాశారే, తీగ లేని కీబోర్డు పెట్టెతో మాట్లాడేది దాంతోనే. మీ ఇంట్లో అవి తారుమారయినట్టున్నాయి."

కోడలు తన పెట్టె వెనక ముక్క పీకి పట్టుకుని చరచరా వచ్చి, మాస్టారి పెట్టె వెనకదానితో మార్చింది. "మామయ్యగారూ, ఇది మూత కాదు. మీ కీబోర్డు మాట పెట్టెకి వినిపించేది ఇదే. మీరు కొట్టిందంతా మా మీటింగులో పడింది." అని మళ్ళీ వెళ్ళి తలుపేసుకుంది.

మాస్టారి ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "ఇంకేం పాఠం చెప్తానే, చెవికీ మూతకీ తేడా తెలియనివాణ్ణి" అన్నారు. సిగ్గుతో పాటు దుఃఖమూ వచ్చింది. కాగితాలు మడిచి సొరుగులో పడేశారు. ఆవిడ తీసి మళ్ళీ బల్ల మీద పెట్టింది.

పదకొండున్నరకు కోడలు అచ్చు తీసిన మూడు కాగితాలతో వచ్చింది.

"ఇవి తీసుకుని బయల్దేరండి."

"నీ పని చెడగొట్టానమ్మా."

"చెడలేదు. నా నివేదిక చూశారు, మీ పాఠం చదివారు. ఏది చివరిదాకా చదివారని మాత్రం అడక్కండి. మా పెద్దాఫీసరు ఇన్నేళ్ళూ కంప్యూటరు చెడినప్పుడల్లా తెరనే రిపేరుకి పంపుతున్నారట. ఇప్పుడర్థమైందన్నారు. మూత సంగతి నేను దిద్దాను. అత్తయ్య మీద రాసిన వాక్యం తీయొద్దని మీటింగులో అందరూ అన్నారు, ఉంచాను."

తరగతి మాస్టారికే దక్కింది. మొదటిరోజు పంతొమ్మిది మంది "మాస్టారూ" అన్నారు. ఆయన నల్లముక్కతోనే పాఠం మొదలుపెట్టారు. ఇంట్లో టైపు చేసేటప్పుడు ఇప్పటికీ తెర వంక చూడరు. మొదటి వాక్యం కొట్టగానే గోడ అవతలికి కేకేసి, "అమ్మా, నీకేమైనా వచ్చిందా?" అని అడుగుతారు.